దళసరి గొంతు

రజని నోరు తెరిస్తే, ఎదుటివాళ్లు ముందు ఆమె వెనక ఎవరైనా మగవాడు నిలబడి ఉన్నాడేమోనని చూసేవాళ్లు. గొల్లపల్లిలో చిన్నప్పుడు ఆమె గొంతుకు తలా ఒక పేరు పెట్టారు. మేనత్త దాన్ని జీర గొంతు అనేది. తోటిపిల్లలు బొంగురు అనేవాళ్లు. ఎదురింటి ముసలాయన మొద్దు గొంతు అని తేల్చేశాడు. బడిలో తెలుగు సారు ఒక్కడే గంభీరమైన కంఠం అన్నాడు. కానీ పొద్దున ప్రార్థన దగ్గర ఆయనే ఆమెను పక్కకు పిలిచి, “నువ్వు ఊకె పెదవులు కదుపు బిడ్డా, పాట కలుస్తలేదు” అని చెప్పాడు.

తల్లి బాలవ్వ మిరియాల కషాయం పోసింది. పటికబెల్లం చప్పరించమంది. తమలపాకు రసం పిండి తాగించింది. చలికాలం పోతే జీర కూడా పోతుందనుకుంది. చలికాలాలు పోయాయి గానీ జీర పోలేదు. పదిహేనేళ్లు వచ్చేసరికి గొంతు ఇంకో మెట్టు కిందికి దిగింది.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక కూడా అంతే. మొగుడు సాగర్ ఆటో నడుపుతాడు. అతని ఫోను ఎత్తి రజని “హలో” అంటే, అవతలివాళ్లు “అన్నా, బస్టాండ్ కాడికి వస్తవా?” అనేవాళ్లు. రజని నవ్వేది. నవ్వి, ఫోను సాగర్ చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయేది.

ఆ తర్వాత ఆర్టీసీలో కాంట్రాక్టు మీద కండక్టర్లను తీసుకుంటుంటే దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చింది. సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి, కోరుట్ల మీదుగా జగిత్యాల పోయే బండి. మొదటిరోజు బస్సు కిక్కిరిసి ఉంది. రజని టికెట్ మిషన్ మెడలో వేసుకుని, “జర ముందుకు జరుగుండ్రి” అంది.

ముందున్న ఒకామె తల తిప్పకుండానే, “ఏడికి జరగాలె అన్నా, డ్రైవరు ఒళ్లె కూసోవాల్నా?” అంది. తర్వాత వెనక్కి చూసి నాలుక కరుచుకుంది. బస్సు బస్సంతా నవ్వింది. వాళ్ల నవ్వులో పగ ఏమీ లేదు. అయినా రజనికి చెవులు వేడెక్కాయి.

మర్నాటి నుంచి ఆమె బస్సెక్కగానే గొంతును పైకి లాగి, సన్నగా చేసి మాట్లాడడం మొదలుపెట్టింది. “టికెట్, టికెట్” అంటే తనకే ఎవరో పరాయి మనిషి అన్నట్టు వినిపించేది. సాయంత్రానికి గొంతు మండేది. ఇంటికి పోయి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గానీ అన్నం దిగేది కాదు.

బండి నడిపే భీమయ్య ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. వారం రోజులు చూసి అడిగాడు.

“చెల్లె, ఇంజన్ కాడ నాతోని మాట్లాడితే ఒక తీరుగుంటది, అటు పోంగనే పిల్లికూన తీరు చేస్తవ్. ఎందుకు?”

“ఊకెనే అన్నా” అంది రజని.

ఆయన మళ్లీ అడగలేదు.

వరికోతలు అయిపోయిన రోజుల్లో, ఒక గురువారం, బస్సు రుద్రంగి దాటింది. అక్కడ రోడ్డు ఇరుకు. కిటికీ పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. తెల్ల అంగీ, మెడలో తువ్వాల. మోచేయి మొత్తం కిటికీ బయట పెట్టి పొలాలు చూస్తున్నాడు. ఎదురుగా ఇనుప రేకుల లోడుతో ట్రాక్టరు వస్తోంది. రేకులు ట్రాలీ దాటి ఇవతలికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

రజని చూసింది. “తాతా, చెయ్యి! చెయ్యి లోపలికి!” అని సన్న గొంతుతో అరిచింది. ఆయన కదల్లేదు. ఆమె పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా అరిచారు. ఆయన అలాగే పొలాలు చూస్తున్నాడు. వాళ్లున్నచోటి నుంచి చేయి అందదు. మధ్యలో మనుషులు, మూటలు.

అప్పుడు రజని గొంతు తన చేతిలోంచి జారిపోయింది. కడుపులో నుంచి, అసలు గొంతు, అడ్డం లేకుండా బయటికొచ్చింది.

“తాతా! చెయ్యి తియ్యి!”

ముసలాయన ఉలిక్కిపడి చేయి లోపలికి లాక్కున్నాడు. మరుక్షణం రేకులు కిటికీ కడ్డీని గీసుకుంటూ పోయాయి. భీమయ్య బండి ఆపి ట్రాక్టరు వాణ్ని నాలుగు మాటలు తిట్టాడు. బస్సులో అందరూ ముసలాయన చుట్టూ చేరి, చేయి చూసి, నీళ్లిచ్చి, ఒకేసారి మాట్లాడారు. ఆయన మాత్రం తన చేతిని చూసుకోలేదు. మనుషుల మధ్య నుంచి ఎవరి కోసమో వెతుకుతున్నాడు.

“నన్ను పిలిచిందెవరు?” అన్నాడు.

“నేనే తాతా” అంది రజని, గొంతు సన్నగా చేసుకుని.

ఆయనకు వినపడలేదు. చేయి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రజని దగ్గరికి వచ్చి, తన సొంత గొంతుతో అంది.

“నేనే పిలిచిన తాతా. చెయ్యి బయట పెట్టొద్దని రాసున్నది, సూడలేదా?”

ముసలాయన ముఖం విప్పారింది. ఆయన బోర్డు వైపు చూడనే లేదు.

“ఇనొచ్చింది!” అన్నాడు బస్సంతటికీ వినిపించేలా. “బిడ్డా, మంచిగ ఇనొచ్చింది! మల్ల అను.”

“ఏమనాలె?”

“ఏదన్న ఒకటి అను.”

రజనికి ఏమనాలో తోచక, “కోరుట్లకు ఇంకో ముప్పావు గంట పడ్తది” అంది. ఆయన ముప్పావు గంట అన్న మాటను తిరిగి పలికి, ఏదో తీపి తిన్నట్టు తలూపాడు.

ఆయన పేరు దేవయ్య. ఊరు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. ముప్ఫై అయిదేళ్లు సాంచలు నడిపాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఒక రేకుల షెడ్డులో పదహారు సాంచలు ఒకేసారి కొట్టుకుంటుంటే, పక్కవాడికి ఏం కావాలన్నా చేత్తో సైగ చేయాల్సిందే. చెవులు అక్కడే పోయాయి. కానీ పూర్తిగా పోలేదు.

“మొగోళ్లు మాట్లాడితే ముక్కలు ముక్కలు ఇనొస్తది” అన్నాడు. “ఆడోళ్లు, పిల్లలు మాట్లాడితే నోరు కదులుతది గని మాట రాదు. చెవి మిషన్ పెట్టుకొని చూసిన. చెవుల ఈల కొట్టింది, తీసి అటక మీదేసిన. ఇన్నేండ్లకు ఓ ఆడపిల్ల మాట నాకు మొత్తం ఇనొచ్చుడు ఇదే బిడ్డా.”

“నాది మొద్దు గొంతు తాతా. అందరు నవ్వుతరు.”

“మొద్దు గాదు, దళసరి. పల్చటి బట్ట చూడు, జర గాలికే లేచిపోతది. గట్లనే ఉంటయ్ మిగిలినోళ్ల గొంతులు, నా కాడికొచ్చెసరికి ఏం మిగలది. నీది దళసరి బట్ట. నేసినోనికి తెలుస్తది.”

రజనికి ఎటు చూడాలో తెలియలేదు. టికెట్ అప్పటికే కొట్టి ఇచ్చిందన్న సంగతి మరిచిపోయి మళ్లీ మిషన్ నొక్కబోయింది.

దేవయ్య కూతురు సంగీత ఇల్లు కోరుట్ల బస్టాండు వెనక వీధిలో. గురువారం గురువారం ఆయన మనవరాలిని చూడడానికి పోయేవాడు. ఆ రోజు తర్వాత మంగళవారం కూడా పోవడం మొదలుపెట్టాడు. కొన్ని వారాలకు శనివారం కూడా. కండక్టర్ సీటు వెనక సీటు ఆయనది. జనం పలచబడ్డప్పుడు రజని పక్కకు వచ్చి కూర్చునేది. ఆయన పదేళ్ల ముచ్చట్లు దాచుకున్న మనిషిలా అడుగుతూనే ఉండేవాడు. ఆమె నాయిన ఏం చేస్తాడు, గొల్లపల్లిలో ఇప్పుడు ఎవరు ఏ పంట వేస్తున్నారు, అద్దెకున్న ఇంట్లో నీళ్లు వస్తాయా. ఆయన సందేహాలన్నీ తీర్చి రజని ఒక జోకు కూడా చెప్పేది. దేవయ్య నవ్వితే ముందు సీటులో పసిపిల్లలు లేచేవాళ్లు.

ఆయన దగ్గర మాత్రమే రజని సొంత గొంతు వాడేది. రెండు సీట్లు దాటగానే మళ్లీ పైకి లాక్కునేది.

తంగళ్ళపల్లిలో దేవయ్య భార్య రాజవ్వ అంగీలు ఉతికేముందు జేబులు చూస్తుంది. గురువారం టికెట్టు ఉంటే సరే. మంగళవారంది ఉంది. శనివారంది ఉంది. కూతురికి ఫోను చేసి, “మీ నాయిన మొన్న శనారం అచ్చిండా?” అని అడిగింది. “అచ్చిండే అవ్వా. ఓ పది నిమిషాలు కూసున్నడు, మల్ల అదే బస్సుకు పోత అని లేచిండు” అంది సంగీత.

రాజవ్వ ఆ మాట మీద ఒక రోజంతా ఆలోచించింది. తర్వాతి మంగళవారం మొగుడు బయలుదేరిన పావుగంటకు తానూ ఇల్లు తాళం వేసి సిరిసిల్ల బస్టాండుకు పోయింది. కొంగు నిండా కప్పుకుని, వెనక తలుపు నుంచి ఎక్కి, చివరి సీటులో కూర్చుంది. రజని వచ్చి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇచ్చి పోయింది. దేవయ్య వెనక్కి చూడలేదు.

వేములవాడ దాటాక రాజవ్వ తన మొగుడి నవ్వు విన్నది. అది ఆమె విని ఎన్నో ఏళ్లయింది. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఖాకీ చొక్కా వేసుకున్న ఆ పిల్ల జవాబు చెబుతోంది, ఆయన మళ్లీ నవ్వుతున్నాడు. రాజవ్వ కోరుట్ల దాకా ఆ వీపునే చూస్తూ కూర్చుంది.

కోరుట్లలో దేవయ్య దిగి కూతురింటికి పోయాడు. రజని చాయ్ తాగుదామని దిగేసరికి రాజవ్వ ఎదురు నిలబడింది. పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు.

“ఏం మందు పెట్టినవే పిల్లా మా ముసలాయనకు?”

ఆ గొంతు సూది మొనలా సన్నగా ఉంది. చాయ్ హోటలు ముందున్న నలుగురు తిరిగి చూశారు.

“ఎవలవ్వా నువ్వు?” అంది రజని, కంగారులో తన సొంత గొంతుతో.

రాజవ్వ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఆ గొంతు ఆ ముఖం నుంచే వచ్చిందా అన్నట్టు చూసింది.

“మల్ల మాట్లాడు” అంది.

“మీ ఇద్దరికీ గిదే పనా?” అంది రజని. “తాత గట్లనే అంటడు. నా గొంతు బొంగురు అవ్వా. ఆయనకు సన్న గొంతులు ఇనరావట. నాది ఇనొస్తదట. గంతే. వేరే ఏం లేదు.”

రాజవ్వ అక్కడున్న బల్ల మీద కూలబడింది. రజని ఆమె చేతిలో చాయ్ పెట్టింది. రాజవ్వ తాగలేదు.

“పదకొండేండ్లు” అంది. “పిలిస్తే పలుకకపాయె. రెండుసార్లు పిలిస్తిని, మూడుసార్లు పిలిస్తిని. ఆఖరుకు నేనే బందుచేసిన. అన్నం పెట్టి కంచం మీద గంటెతోని కొడ్త, అచ్చి తింటడు. చెవుడని తెలుసు. గని నీతోని అంత మంచిగ మాట్లాడుతున్నడంటే… నా మాటే ఆయనకు అక్కర లేదేమో అనుకున్న.”

“నీ గొంతు సన్నగున్నది అవ్వా. తప్పు నీది గాదు.”

రాజవ్వ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత ఒక్కసారి తలెత్తి రజని మణికట్టు పట్టుకుంది.

“నాకు నేర్పు” అంది.

“ఏంది?”

“నీ గొంతు. గట్ల మాట్లాడుడు నాకు నేర్పు.”

రజనికి నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి వదిలించుకోవడానికి చూసిన దాన్ని ఒకరు నేర్పమని అడుగుతున్నారు. కానీ రాజవ్వ నవ్వడం లేదు.

దేవయ్య రాని రోజుల్లో, సోమవారం, శుక్రవారం, రాజవ్వ బస్సెక్కేది. జగిత్యాలలో బండి ముప్పావు గంట ఆగుతుంది. అందరూ దిగిపోయాక ఖాళీ బస్సులో రజని, రాజవ్వ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. భీమయ్య తన సీట్లోనే టిఫిను డబ్బా విప్పేవాడు.

మొదటి రోజు రజనికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తన గొంతు ఎక్కడి నుంచి వస్తుందో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. దాన్ని పైకి లాగడమే తెలుసు. ఊరికే “కోరుట్ల, కోరుట్ల” అంటూ తన మెడ మీద చేయి పెట్టుకుంది. కిందికి జరిపింది. ఛాతీ ఎముక మీదికి వచ్చేసరికి అరచేయి అదిరింది.

“అవ్వా, ఈడ చెయ్యి పెట్టు” అంది.

రాజవ్వ వేళ్లు పెట్టింది. రజని మళ్లీ కోరుట్ల అంది.

“గుయ్యిమంటున్నదే!” అంది రాజవ్వ కళ్లు పెద్దవి చేసి. “షెడ్ల సాంచలు నడుస్తుంటె నేల గిట్లనే అదురుతది.”

తర్వాత తన ఛాతీ మీద చేయి పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, “ఏమయ్యా!” అంది. సూదిలాంటి గొంతే వచ్చింది. ఇంకా గట్టిగా అంది. ఇంకా సన్నగా వచ్చింది. మూడోసారి దగ్గు వచ్చింది. నాలుగోసారి గేదె అరిచినట్టు ఏదో వచ్చి, బస్సు పక్కన పల్లీలు అమ్మే ఆమె కిటికీలోంచి తొంగి చూసి, “మంచిగున్నదా అవ్వకు?” అని అడిగింది.

రెండు వారాలు అలాగే గడిచాయి. రాజవ్వ ఇంట్లో కూడా, దేవయ్య పక్కనే కూర్చుని ఉన్నా ఆయనకు ఏమీ వినపడదు గనక, ధైర్యంగా సాధన చేసేది. అయినా గొంతు దిగలేదు. ఒక శుక్రవారం ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, “నాతోని కాదు పోనీ” అంది.

అప్పుడు భీమయ్య డబ్బా మూత పెట్టి వెనక్కి తిరిగాడు.

“అవ్వా, నువ్వు టాప్ గేర్ల అరుస్తున్నవ్. స్పీడు పెంచితే సప్పుడు సన్నగనే అస్తది. ఫస్ట్ గేర్ల ఎయ్యి. ఘాట్ ఎక్కుతున్నట్టు మెల్లగ. బలం పెట్టు, స్పీడు పెట్టకు.” అని ఇంజను స్టార్టు చేసి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, కొంచెంగా ఎక్సిలేటర్ తొక్కాడు. బస్సు అడుగు నుంచి లోతుగా గుర్రుమంది. “ఇగో, గిట్ల.”

రాజవ్వ ఇంజను చప్పుడు విన్నది. భుజాలు వదులు చేసింది. గడ్డం కొంచెం కిందికి దించింది. అరవకుండా, మెల్లగా, “ఏ… మయ్యా” అంది.

అది గరుకుగా ఉంది. మధ్యలో ఒకచోట చిరిగింది. కానీ కింది నుంచి వచ్చింది. రాజవ్వ చేయి ఆమె ఛాతీ మీద అదిరింది. ఆమె తన చేతిని తానే చూసుకుంది.

“అచ్చింది!” అని రజని ఎగిరి గంతేస్తే నెత్తి పైనున్న కడ్డీకి తగిలింది. భీమయ్య హారన్ కొట్టాడు.

ఆ రాత్రి ఇంటికి పోయాక రజని ఉప్పునీళ్లు పెట్టుకోబోయి ఆగింది. గొంతు మండడం లేదు. రాజవ్వ గొంతు దిగిన సంబరంలో తిరుగు దారంతా సొంత గొంతుతోనే మాట్లాడింది, అలసటే లేదు. ఆ సంగతి సాగర్‌కు చెప్పింది.

“మరి రోజు గట్లనే మాట్లాడరాదు?” అన్నాడు సాగర్.

“మీ దోస్తులు అన్నా అంటరు గదా.”

“అంటే అననీ. నేను వదినె అని చెప్త.” అని ఆమె వైపు తిరిగాడు. “నాకు నీ గొంతు మంచిగనే అనిపిస్తది రజనీ. నువ్వు ఎన్నడు అడగలే.”

మర్నాడు సిరిసిల్ల బస్టాండులో రజని ఫుట్‌బోర్డు మీద నిలబడి, “వేములవాడ, రుద్రంగి, కోరుట్ల, జగిత్యాల!” అని తన గొంతుతో పిలిచింది. ప్లాట్‌ఫాం చివర నిలబడ్డవాళ్లు కూడా మూటలు ఎత్తుకుని వచ్చారు. ఎవరో ఒకాయన “అన్నా, సీటున్నదా?” అన్నాడు. “అన్న గాదు, అక్క. సీటున్నది, ఎక్కు” అంది. ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. చెవులు వేడెక్కలేదు.

ఆ తర్వాతి గురువారం రాజవ్వ మొగుడితో కలిసే బస్సెక్కింది. కూతురి దగ్గరికి పోవడానికే కదా అని దేవయ్య ఏమీ అనుకోలేదు. ఆయన కిటికీ పక్కన, ఆమె ఇవతల. వేములవాడలో ఎక్కిన జనంతో బస్సు నిండింది. రజని ముందు వైపు టికెట్లు కొడుతూ అద్దంలో వీళ్లనే చూస్తోంది. భీమయ్య కూడా.

రుద్రంగి దాటింది. రాజవ్వ ఛాతీ మీద చేయి పెట్టుకుంది. భుజాలు వదిలింది.

“ఓ సంగీత నాయినా!”

దేవయ్య తల తిప్పి ముందున్న రజని వైపు చూశాడు. “ఏంది బిడ్డా?” అన్నాడు.

రజని పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపి, వేలితో ఆయన పక్కకు చూపించింది.

దేవయ్య మెల్లగా పక్కకు తిరిగాడు.

“నువ్వు పిలిచినవా?”

“మరెవలు పిలుస్తరు?” అంది రాజవ్వ, అదే కింది గొంతుతో. “నీకు ఎంతమంది పెండ్లాలున్నరు?”

దేవయ్య తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

“మల్ల అను రాజవ్వా.”

“మల్ల అన. ఒక్కసారి ఇన్నవ్ గద.”

చుట్టుపక్కల వాళ్లు మాటలు ఆపి వింటున్నారు. దేవయ్యకు వాళ్లెవరూ కనిపించడం లేదు.

“నువ్వు అలిగినవనుకున్న” అన్నాడు. “మన సొంత సాంచలు అమ్మినప్పుడు నీకు చెప్పలే. అప్పటికెల్లే గద నువ్వు మాట్లాడుడు బందుచేసింది. తప్పు నాదే అని నేను అడగలే.”

“అలుగుడా?” అంది రాజవ్వ. “నేను పిలుసుడు, నువ్వు పలుకకపోవుడు. గోడకు చెప్పినట్టుండె. గోడకు ఎన్నొద్దులు చెప్తరు?”

“అయితే సాంచల మీద కోపం లేదా?”

“ఎందుకు లేదు? మస్తున్నది. గిప్పుడు చెప్త ఇను.”

అని మొదలుపెట్టింది. సాంచలు అమ్మిన రోజు నుంచి మొన్న పొద్దున ఉప్మాలో ఉప్పు ఎక్కువైనా చెప్పకుండా తిన్న సంగతి వరకు, రుద్రంగి నుంచి కోరుట్ల దాకా, ఫస్ట్ గేరులోనే చెప్పింది. మధ్యలో గొంతు పట్టేస్తే రజని తన నీళ్ల సీసా ఇచ్చింది. తాగి మళ్లీ అందుకుంది. దేవయ్య ఒక్కో నేరం ఒప్పుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. వెనక సీటులో ఒకామె, “ఇంకా తిట్టవ్వా, మంచిగ ఇంటున్నడు” అని ఉత్సాహపరిచింది. కోరుట్ల వస్తే దిగాల్సిన ఇద్దరు దిగడం మరిచిపోయారు.

సంగీతకు ఆ వార్త బస్సులో ఉన్నవాళ్ల ఫోను ద్వారా ముందే చేరింది. వాకిట్లోనే ఎదురొచ్చి తల్లిని “ఏదీ అనవే” అని పదిసార్లు అడిగింది. రెండున్నరేళ్ల మనవరాలు అమ్మమ్మ ఛాతీ మీద చేయి పెట్టి చూసి కిలకిలా నవ్వింది. అప్పటి నుంచి ఆ పిల్లకు అదే ఆట అయిపోయింది. నాలుగు వారాల తర్వాత ఒక గురువారం, తాత గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, అది గడ్డం ఛాతీకి ఆనించి, బుగ్గలు పొంగించి, ఎలుగుబంటి పిల్లలా “తాతా” అంది. దేవయ్య ఒక చెప్పు కాలికే ఉండగా గుమ్మంలో కూర్చుండిపోయాడు. మనవరాలి మాట ఆయన వినడం అదే మొదలు. ఆ పూట ఆయన దాన్ని కిందికి దించలేదు.

కొత్త గొంతు సంగతి తంగళ్ళపల్లిలో దాగలేదు. ఆ వీధిలో సగం ఇళ్లలో సాంచలు నడిపి చెవులు పోగొట్టుకున్న మగవాళ్లే. రాజవ్వ ఇంటి ముందుకు వచ్చి ఆడవాళ్లు ఆరా తీశారు. “మా గురువు ఉన్నది, తోలుకొస్త” అంది రాజవ్వ.

రజని తన సెలవు రోజున వచ్చింది. వాకిట్లో చాప పరిచి ఉంది. ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరికంటే పెద్దది వెంకటవ్వ, డెబ్బై దాటిన మనిషి. అరుగు మీద మగవాళ్లు వరసగా కూర్చున్నారు, ఏం జరుగుతోందో తెలియక. రాజవ్వ లోపల సర్వపిండి కాలుస్తూ, మధ్యమధ్య బయటికి వచ్చి, “టాప్ గేర్ల పోతున్నవ్, దించు” అని అదమాయిస్తోంది.

రజని అందరినీ లేచి నిలబడమంది. కుడిచేయి ఛాతీ మీద పెట్టుకోమంది. ఆరుగురూ నిటారుగా నిలబడి, చేయి పెట్టుకుని, ఊపిరి పీల్చారు. అరుగు మీదున్న వెంకటవ్వ మొగుడు రామస్వామి అది చూశాడు. జనగణమన పాడబోతున్నారనుకుని గబుక్కున లేచి, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. ఆయనను చూసి మిగతా మగవాళ్లూ లేచారు.

ముందు రజనికి నవ్వొచ్చింది. తర్వాత వాకిలి మొత్తానికి. సంగతి తెలియని మగవాళ్లు కూడా నవ్వారు. నవ్వు ఆగాక అసలు పని మొదలైంది. ఆ పూట ముగ్గురి గొంతు కిందికి దిగింది. వాళ్లలో ఇద్దరి మొగుళ్లు తలలు తిప్పారు. ఒకాయన “ఎవరే అది?” అని భయంగా కూడా అడిగాడు.

వెంకటవ్వ గొంతు అందరికంటే బాగా దిగింది. పాత ఇంజనులా గుర్రుమంది. కానీ రామస్వామికి మాత్రం ఏమీ వినపడలేదు. ఎంత దగ్గరికి వచ్చి పిలిచినా ఆయన చిరునవ్వుతో ఆమె పెదవుల వంకే చూశాడు. రజని ముఖం చిన్నబోయింది.

“తాతను దవాఖానకు తోలుకపో అవ్వా” అంది. “చెవుల డాక్టరుకు చూపియ్యాలె. దేవయ్య తాత కూడ వస్తనన్నడు, కొత్త మిషన్లు మంచిగున్నయంట. గొంతు ఒక్కటే అందరికి పనిచెయ్యది.”

“పోదాం తియ్యి, సోమారం పోదాం” అంది వెంకటవ్వ. ఆమె ముఖంలో దిగులేమీ లేదు. రాజవ్వ తెచ్చిన సర్వపిండి ముక్క తుంచి మొగుడి చేతిలో పెట్టి, ఇంకో ముక్క తన నోట్లో వేసుకుంది.

“గని బిడ్డా, ఆయనకు మిషన్ పెట్టించినా గీ గొంతు మాత్రం నేను ఇడవను” అంది నమలుతూ, ఆ లోతైన గొంతుతోనే. “గిందాక మా ఇంటి దిక్కు తిరిగి, బియ్యం కడగమని గిట్ల ఒక్కమాట అన్న. ఇద్దరు కోడండ్లు ఉరికొచ్చిన్రు.”